చెల్లిని బీఎస్సీ ఫారెస్ట్రీలో చేర్పిద్దామనుకుంటున్నా, ఈ లైన్‌లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

తాడ్వాయి_అన్న

అందరికీ నమస్కారం. మాది ములుగు జిల్లాలో తాడ్వాయి దగ్గర చిన్న ఊరు. మా చెల్లి ఈ ఏడు ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో సీటు వచ్చే మార్కులు రాలేదు, ఎప్‌సెట్ ర్యాంకు మాత్రం ఫర్వాలేదు. ఇంట్లో నర్సింగో బీఫార్మసీయో అంటున్నారు, తనేమో అడవి చదువు చదువుతానని పట్టుబట్టింది.

దానికి కారణం ఉంది. 2024 ఆగస్టు 31న మా అడవిలో వచ్చిన సుడిగాలికి యాభై వేలకు పైగా చెట్లు కూలిపోయాయి, మీరు పేపర్లో చూసే ఉంటారు. పడిన చెట్లను లెక్కపెట్టడానికి ఫారెస్టు వాళ్లతో మా బాబాయి కూలికి వెళ్లాడు, సెలవు రోజుల్లో చెల్లి కూడా వెంట పడింది. టేపు పట్టుకుని చుట్టుకొలత చదివి చెప్పడం, ఏ చెట్టో పేరు చెప్పడం, అంతే చేసింది. నల్లమద్ది, ఇప్ప, తునికి, ఏగిస అని మా అమ్మమ్మ నేర్పిన పేర్లు తను చెబుతుంటే ఆ సెక్షన్ ఆఫీసర్ రాసుకున్నాడట. అప్పటి నుంచీ ఇదే మాట.

మా అమ్మ ఎండాకాలం తునికాకు ఏరుతుంది, నాన్నకు రెండెకరాల వరి. నాలుగేళ్లు చదివించాక ఉద్యోగం రాకపోతే ఏం చేయాలన్నది నా భయం. ఆడపిల్లకు అడవి ఉద్యోగమేంటి అన్నది నాన్న భయం. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

మొక్కజాడ

తమ్ముడూ, ముందు ఒక మాట. ఆ కాలేజీ ఉన్న ములుగు మీ ములుగు కాదు. ఫారెస్ట్ కాలేజ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది సిద్దిపేట జిల్లా ములుగులో, హైదరాబాద్ నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద. మా క్లాస్‌మేట్ ఒకడు చేరే రోజున వాళ్ల నాన్న మీ ములుగు బస్సెక్కించేశాడు, సాయంత్రానికి గానీ తేలలేదు. కాబట్టి కౌన్సెలింగ్‌కి వెళ్లేటప్పుడు జిల్లా పేరు చూసుకోండి.

నేను అక్కడే చదివాను. 2016లో బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ మొదలైనప్పుడు సొంత క్యాంపస్ లేదు, 2019 డిసెంబరులో కొత్త భవనాలు వచ్చాయి. తమిళనాడులోని మేట్టుపాళయం ఫారెస్ట్ కాలేజీని చూసి ఇక్కడ పెట్టారు. నాలుగేళ్లు, హాస్టల్లోనే ఉండాలి, బైపీసీ ఎప్‌సెట్ ర్యాంకు మీద సీట్లు. ఉస్మానియా యూనివర్సిటీ డిగ్రీ.

ఏం చదువుతారంటే, చెట్లను గుర్తుపట్టడం, విత్తనం నుంచి కోత దాకా అడవిని పెంచడం (సిల్వికల్చర్ అంటాం), కలప కొలత, పొలం గట్ల మీద చెట్ల పెంపకం, వన్యప్రాణులు, నేల, నీరు, అటవీ చట్టాలు. పుస్తకం తక్కువ అని కాదు, పుస్తకం చాలా ఉంది, కానీ ఫీల్డ్‌లో కూడా నడిపిస్తారు. రేంజి ఆఫీసుల్లోనూ పల్లెల్లోనూ ఉండి పనిచేయాల్సిన సెమిస్టర్ ఒకటి ఉంటుంది. నాకు అసలు చదువు అదే అనిపించింది.

మీ చెల్లి టేపు పట్టుకుందన్నారు కదా, మొదటి ఏడాదే అది మళ్లీ వస్తుంది. నిలబడి ఉన్న చెట్టును నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో కొలవాలి. పడిన దుంగ అయితే నడిమి చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తాం. చుట్టు 1.2 మీటర్లు, పొడవు 5 మీటర్లు ఉంటే 0.45 ఘనపు మీటర్లు. తనను ఇప్పుడే వేయమనండి, వచ్చేస్తుంది.

రేంజి_పాతకాపు

బాబూ, నేను అటవీ శాఖలో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. ఉద్యోగం సంగతి నేను చెబుతాను.

బీటు అంటే ఒక్కరు చూసుకునే అడవి ముక్క, కొన్ని బీట్లు కలిస్తే సెక్షన్, కొన్ని సెక్షన్లు కలిస్తే రేంజి. కింద నుంచి చూస్తే బీటు ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, రేంజి ఆఫీసర్, పైన ఏసీఎఫ్ (అసిస్టెంట్ కన్జర్వేటర్), డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి). ఆంధ్రాలో అసిస్టెంట్ బీటు ఆఫీసర్ అని ఇంకో మెట్టు ఉంది. బీటు ఆఫీసర్‌కి ఇంటర్ చాలు, సెక్షన్ ఆఫీసర్‌కి డిగ్రీ కావాలి. పెద్ద చదువు లేకపోయినా దారి ఉందని చెప్పడానికే ఇది. చిక్కంతా నోటిఫికేషన్ దగ్గరే. తెలంగాణలో 2017లో ఒక్కసారే 1,857 బీటు ఆఫీసర్ పోస్టులు, 90 సెక్షన్, 67 రేంజి పోస్టులు వేశారు. అది చూసి ప్రతి ఏడూ ఇలాగే వస్తాయనుకుని కోచింగుల్లో కూర్చున్న పిల్లలు నాకు తెలుసు, వయసు మీద పడుతుంటే వాళ్ల మొహాలు చూడలేం. ఆంధ్రాలో 2025లో 691 బీటు, అసిస్టెంట్ బీటు పోస్టులకు ఇచ్చారు. అంటే వస్తాయి, కానీ ఎప్పుడొస్తాయో చేతిలో లేదు.

ఫారెస్ట్రీ డిగ్రీ ఉన్నవాళ్లకు మన దగ్గర ఏసీఎఫ్, రేంజి ఆఫీసర్ పోస్టుల్లో కొంత వాటా పెట్టారు, అది మంచి మాటే. యూపీఎస్సీ పెట్టే ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) కూడా ఉంది. దానికి 2013 నుంచి సివిల్స్ ప్రిలిమ్సే ప్రిలిమ్స్, మెయిన్స్ వేరు, ఫారెస్ట్రీ ఆప్షనల్ పేపర్‌గా తీసుకోవచ్చు. డెహ్రాడూన్‌లో శిక్షణ.

అయితే నా మాట సూటిగా చెబుతాను. ప్రభుత్వ ఉద్యోగం రాకపోతే ఈ డిగ్రీతో ఇంకెక్కడా పెద్దగా పని లేదు. ఆలోచించి చేర్చండి.

పటం_గీసేవాడు

పాతకాపు సార్, మీ అనుభవం ముందు నాది ఎంత, కానీ ఆ చివరి మాటకు ఒప్పుకోలేను. నేను ఫారెస్ట్రీ చదివి పదకొండు నెలలు ఖాళీగా ఉన్న మాట నిజం. తర్వాత జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు తయారుచేసే పద్ధతి) నేర్చుకున్నాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సంస్థలో ఉపగ్రహ చిత్రాల మీద అడవి పటాలు గీస్తున్నాను. ఎక్కడ చెట్ల కప్పు పలచబడింది, ఎక్కడ మంట అంటుకుంది, గనికి ఇచ్చిన భూమికి బదులుగా నాటిన మొక్కలు నిజంగా బతికాయా లేదా, ఇదే మా పని. మా టీమ్‌లో కంప్యూటర్ వచ్చినవాళ్లు బోలెడుమంది. స్క్రీన్ మీద పచ్చగా కనబడేది టేకు తోటా, జామాయిలా, సహజమైన అడవా అని చెప్పగలిగేవాళ్లు ముగ్గురమే. అందుకే నా మాటకు విలువ వచ్చింది.

డబ్బు పెట్టి నేర్చుకోనక్కర్లేదు. డెహ్రాడూన్‌లో ఐఐఆర్ఎస్ అని ఇస్రో సంస్థ ఉంది, వాళ్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలను చదవడం), జీఐఎస్ కోర్సులు పెడతారు, సర్టిఫికెట్ ఇస్తారు. పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. డిగ్రీ మొదటి ఏడాది నుంచే రోజూ ఒక గంట దాని మీద కూర్చోమనండి. నేను నాలుగో ఏడాది దాకా ఆగాను, ఆ పదకొండు నెలలు అందుకే పోయాయి.

దారితప్పిన_లేడి

మధ్యలో ఒక్క మాట. బీఎస్సీలో సీటు రాలేదని నేను ఒక ప్రైవేటు సంస్థలో ఫారెస్ట్రీ డిప్లొమా అంటే డబ్బు కట్టి చేరాను. ఏడాదిలో ఒక్కసారి కూడా అడవికి తీసుకెళ్లలేదు, ఒక పార్కులో ఫోటోలు తీయించారు. చివరికి ఆ డిప్లొమాకు ఏ గుర్తింపూ లేదని దరఖాస్తు చేసే రోజున తెలిసింది. అప్పు తీరడానికి మా నాన్నకు రెండేళ్లు పట్టింది. దయచేసి ఎక్కడ చేరినా ఆ కోర్సుకు యూజీసీ, ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి. ఫీజు కట్టాక అడగడం కాదు.

మొక్కజాడ

అయ్యో, ఇది చాలామందికి జరుగుతోంది. ములుగులో రాకపోతే వేరే రాష్ట్రాల ప్రభుత్వ కాలేజీలు ఉన్నాయి. మేట్టుపాళయం, కర్ణాటకలో సిర్సి, పొన్నంపేట, కేరళలో త్రిస్సూర్ దగ్గర వెల్లానిక్కర, హిమాచల్‌లో సోలన్. వీటిలో ఐసీఏఆర్ కోటా సీట్లు సీయూఈటీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష ద్వారా ఇస్తారు. దానికి ముందే దరఖాస్తు చేసి ఉండాలి, మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి పరీక్ష అయిపోయాక తెలుస్తుంది.

బీటు_నడక

తాడ్వాయి అన్నా, నాన్నగారి భయం గురించి నేను చెప్పాలి, ఎందుకంటే నేను బీటు ఆఫీసర్‌ని, ఆడదాన్ని, నాకు నాలుగేళ్ల బాబు.

సెలెక్షన్‌లో నడక పరీక్ష ఉంటుంది. మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు, నాలుగు గంటల్లో. మీ చెల్లి తునికాకుకు అమ్మ వెంట వెళ్లే పిల్లయితే అదేం పెద్ద విషయం కాదు, మా బ్యాచ్‌లో టౌన్ నుంచి వచ్చిన అమ్మాయిలు ఏడ్చారు, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మాట్లాడుకుంటూ నడిచేశాం. తర్వాత దూలపల్లి అకాడమీలో శిక్షణ. ఆంధ్రా వాళ్లకయితే రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువులో.

ఇక అసలు ఉద్యోగం. పొద్దున బీటు తిరగడం, నరికిన మోడులు కనిపిస్తే కొలిచి రాయడం, ఎండాకాలం వచ్చే లోపు ఫైర్ లైన్లు (మంట పాకకుండా ఆకులు తీసేసిన బాటలు) ఊడ్పించడం, నర్సరీ, కందకాలు, నీటి తొట్లు. నాలుగేళ్లకోసారి పులుల లెక్క వస్తే అడుగుజాడలు, పెంటికలు వెతుక్కుంటూ ఫోన్ యాప్‌లో నమోదు చేస్తూ నడవాలి. ఇదంతా నాకు ప్రాణం. కష్టం ఎక్కడంటే, రాత్రి కలప బండి వస్తోందని కబురు వచ్చినప్పుడు. మా సెక్షన్‌లో నలుగురం వెళ్తాం, చేతిలో లాఠీ తప్ప ఏమీ ఉండదు. అవతల గొడ్డళ్లు ఉంటాయి. టెన్షన్ లేదని చెబితే అబద్ధమవుతుంది. ఇంకోటి, రోజంతా తిరిగే చోట బాత్రూమ్ ఉండదు, నెలసరి రోజుల్లో ఎలా ఉంటుందో మగ ఆఫీసర్‌కి చెప్పుకోలేం. నేను మొదటి ఆరు నెలలు చెప్పుకోలేక సెలవు పెట్టుకున్నాను, తర్వాత తెగించి చెప్పాను, ఆ రోజుల్లో నర్సరీ పని వేశారు.

మంచి కూడా చెప్పాలి. ఇప్పపువ్వుకు వచ్చే ఆడవాళ్లు మగ బీటు ఆఫీసర్‌ని చూస్తే పొదల్లోకి తప్పుకుంటారు. నన్ను చూస్తే కూర్చోబెట్టి గంజి పోస్తారు. పువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులకు ఎందుకు నిప్పు పెడతారో నాకు వాళ్లే చెప్పారు, నిప్పు లేకుండా చీర పరిచి ఏరుకుందామని మేమంతా కలిసి అనుకున్నాం. ఆ ఏడు నా బీటులో ఒక్క మంట రాలేదు. ఆడపిల్లకు అడవి ఉద్యోగమేంటి అని అడిగినవాళ్లందరికీ నేను ఇదే చెబుతాను.

పోడు_బిడ్డ

అక్కా, నీ లాంటి ఆఫీసర్లు ఉంటే బాగుండు. మా ఊళ్లో ఫారెస్టోళ్లు అంటే పిల్లలు ఇప్పటికీ పారిపోతారు. మా తాత చేసుకున్న పోడులో మొక్కజొన్న పీకేసి టేకు నాటారు. తాడ్వాయి అన్నా, మీ చెల్లి మొక్కలు, జంతువులు మాత్రమే చదివితే సరిపోదు. 2006 అటవీ హక్కుల చట్టం చదవాలి. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీకి హక్కు ఉందని, వెదురు, తునికాకు లాంటి చిన్న అటవీ ఫలాల మీద గ్రామసభకు హక్కు ఉందని అందులో ఉంది. యూనిఫాం వేసుకునే ముందు అది తెలిసి ఉంటే రేపు తన ఊరి వాళ్లకు ఎదురుగా నిలబడాల్సి వచ్చినప్పుడు ఏం చేయాలో తనకే తెలుస్తుంది.

రేంజి_పాతకాపు

బిడ్డా, నీ మాటలో నిజం ఉంది. మా శిక్షణ రోజుల్లో 1967 ఫారెస్టు చట్టం, 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్లు బట్టీ పట్టించారు, ఊరి వాళ్లతో ఎలా మాట్లాడాలో మాకు ఎవరూ చెప్పలేదు. తొంభైల్లో ఊరి వాళ్లతో కలిసి అడవిని కాపాడే వన సంరక్షణ సమితులు వచ్చాకే నేను మొదటిసారి గూడెంలో చాప మీద కూర్చున్నాను. కానీ రెండో వైపు కూడా చూడాలి. 2022 నవంబరులో చండ్రుగొండ రేంజి అధికారిని పోడు గొడవలో నరికి చంపారు. ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర లేదు. హద్దు తేల్చని భూమి దగ్గర పోయేది రెండు వైపులా పేదవాళ్లే, ఆ హద్దు తేల్చాల్సినవాళ్లెవరూ ఆ గట్టు మీద ఉండరు.

పటం గీసే బాబూ, నీ మాట కూడా విన్నాను. ప్రైవేటులో పని లేదన్నది నా కాలం నాటి లెక్క. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

సరుగుడు_తోట

ప్రైవేటు గురించి నేను చెబుతా. కాగితం మిల్లులు నడిచేదే రైతుల తోటల మీద. సారపాక, రాజమండ్రి చుట్టుపక్కల జామాయిల్, సుబాబుల్, సరుగుడు ఎంత ఉందో చూడండి. మేం క్లోనల్ నర్సరీ నడుపుతున్నాం, అంటే విత్తనంతో కాకుండా కొమ్మలతో మొక్కలు పెంచేది. మంచి తల్లి మొక్కల నుంచి లేత కొమ్మలు కోసి, వేరు మందు అద్ది, రూట్ ట్రైనర్లు అనే చిన్న గొట్టాల్లాంటి కుండీల్లో పెట్టి, మిస్ట్ చాంబర్‌లో (నీటి పొగమంచు నిండిన గది) వేళ్లు వచ్చేదాకా ఉంచి, నీడలోకి, తర్వాత ఎండలోకి మార్చాలి. చెప్పడానికి తేలిక. ఒక రాత్రి కరెంటు పోయి ఆ పొగమంచు చిమ్మే ఫాగర్లు ఆగితే పొద్దున్నకు బెడ్లన్నీ వాడిపోతాయి, కోసిన కత్తెర కడగకపోతే తెగులు మొత్తం పాకుతుంది. ఇది తెలిసిన సూపర్‌వైజర్ కోసం మేం వెతుకుతూనే ఉంటాం. డిగ్రీ ఉన్న కుర్రాడు వచ్చి ఆఫీసు రూమ్ అడుగుతాడు, పదో తరగతి చదివిన అమ్మాయి మా దగ్గర ఆరేళ్లుగా బెడ్ల ఇన్‌ఛార్జి.

మూడు మీటర్లకు రెండు మీటర్ల దూరంలో నాటితే ఎకరానికి 670 మొక్కలు పడతాయి, నాలుగేళ్లకు కోత. ఈ నాలుగేళ్లలో రైతుకు సలహా చెప్పే మనిషి ఊరూరా కావాలి. మిల్లుల తోటల విభాగాల్లో, ఫారెస్ట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ తోటల్లో ఈ పనులే. జీతం మొదట తక్కువ, అది దాచను.

మన్యం_గాలి

నేను పాడేరు వైపు పనిచేస్తాను. డిగ్రీ దాకా వెళ్లలేనివాళ్ల గురించి కూడా ఈ చర్చలో ఉండాలని రాస్తున్నా, ఎందుకంటే చదివేవాళ్లలో చాలామంది అలాంటివాళ్లే ఉంటారు.

తపసి చెట్టు బెరడు నుంచి తీసే జిగురు తెలుసు కదా. ఒకప్పుడు గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టేవారు, జిగురు ఎక్కువ వస్తుందని. చెట్టు రెండు మూడేళ్లకు చచ్చిపోయేది. చిన్న పరికరంతో బెరడు మాత్రమే సన్నగా చెక్కి, ఆ గాటు మానేదాకా ఆగి, శుభ్రమైన బుట్టలో పట్టడం నేర్పాక చెట్టూ బతికింది, జిగురు తెల్లగా వచ్చి ధర కూడా పెరిగింది. నేర్చుకున్నది కొద్ది రోజులే, కానీ జీవితాంతం పనికొచ్చేది. తేనె కూడా అంతే, పట్టు మొత్తం పిండకుండా తేనె ఉన్న భాగం మాత్రం కోసి పిల్ల ఈగలు ఉన్న భాగం వదిలేస్తే ఈగలు ఉండిపోతాయి. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) 1956 నుంచి గిరిజనుల దగ్గర ఇవన్నీ కొంటోంది. 2018లో మొదలైన వన్ ధన్ కేంద్రాల్లో, అంటే అటవీ ఫలాలను శుద్ధి చేసి అమ్మే చోట్ల, ఒక్కోదానిలో మూడొందల మంది దాకా కలిసి ఎండబెట్టడం, గ్రేడింగ్, ప్యాకింగ్ చేస్తారు. వాటిని నడపడానికి లెక్కలు, నాణ్యత తెలిసిన ఊరి పిల్లలే కావాలి, బయటివాళ్లు రెండు నెలలకు మించి ఉండరు.

కేంద్ర పర్యావరణ శాఖ 2017లో హరిత నైపుణ్యాల శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది, మొక్కల గుర్తింపు, వెదురు పెంపకం లాంటి చిన్న ఉచిత కోర్సులు అందులో నడిచాయి. మా ఊరి కుర్రాడు ఒకడు మొక్కల గుర్తింపు కోర్సు చేసి ఇప్పుడు పరిశోధన చేసేవాళ్లకు దారి చూపిస్తూ రోజు కూలి కంటే రెట్టింపు తెచ్చుకుంటున్నాడు. వాడికి మొక్కలు ముందే తెలుసు, కోర్సు వాడికి ఇచ్చింది లాటిన్ పేర్లు, రాసుకునే పద్ధతి. మీ అమ్మమ్మ చెప్పిన పేర్లు మీ చెల్లి మర్చిపోకూడదు తమ్ముడూ. ఇప్పుడే ఒక నోట్‌బుక్‌లో రాసుకోమను, పక్కన ఆకు అంటించుకోమను, అమ్మమ్మ ఉండగానే.

తాడ్వాయి_అన్న

అందరికీ చేతులెత్తి దండం. రెండు రోజులుగా ఇవన్నీ ఇంట్లో చదివి వినిపించాను. బీటు అక్క రాసింది మా నాన్న రెండుసార్లు చదివించుకున్నాడు, ఇప్పపువ్వు సంగతి దగ్గర ఆపి, "ఆ అమ్మాయిది ఏ ఊరు" అని అడిగాడు. ఇంతవరకూ ఔను అనలేదు గానీ నర్సింగ్ మాట ఎత్తడం మానేశాడు. సిద్దిపేట ములుగుకు దరఖాస్తు చేస్తున్నాం. సీటు రాకపోతే ఇంకో డిగ్రీలో చేర్పించి, పక్కన జీఐఎస్ నేర్పిస్తాను, బీటు ఆఫీసర్ నోటిఫికేషన్ వస్తే రాయిస్తాను. అమ్మమ్మ నోట్‌బుక్ నిన్న రాత్రే మొదలైంది, ఇప్పటికి 43 పేర్లు. మొక్కజాడ అన్నా, 0.45 సరిగ్గానే వచ్చిందట.

చెల్లి అడగమంటోంది, నడక పరీక్షకు బూట్లతో నడవాలా, చెప్పులతో నడిచినా ఒప్పుకుంటారా? తనకు బూట్లు అలవాటు లేదు.

బీటు_నడక

బూట్లే నయం చెల్లీ. కానీ పరీక్షకు కొత్తవి వేసుకోవద్దు, బొబ్బలు లేస్తాయి. కాన్వాస్ బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కో, కాటన్ సాక్సులు రెండు జతలు. మూడు నెలల ముందు నుంచి అవే వేసుకుని నడువు. గంటకు నాలుగు కిలోమీటర్లు అంటే పరుగెత్తనక్కర్లేదు, మొదటి గంటలో కొంచెం ఎక్కువ నడిచి ఉంచుకో. మీ నాన్నకు చెప్పు, మాది ఆసిఫాబాద్ వైపు.